అమెరికాలో మా పాపకి పేరు పెట్టిన తీరు: నా అనుభవం

మన దగ్గర పేరుకి తొందరేం ఉండదు. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల చేసి, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో చెబుతాం. అప్పటిదాకా చిట్టి, బుజ్జి అంటే సరిపోతుంది. టెక్సాస్‌లో అలా కుదరదు. బిడ్డ పుట్టిన ఐదు రోజుల్లోపు జనన నమోదు పత్రం దాఖలు కావాలి. అందుకే ఆసుపత్రి వాళ్ళు తల్లీబిడ్డల్ని ఇంటికి పంపేలోపే పేరు అడుగుతారు. పేరు లేకుండానూ నమోదు చేస్తారు గానీ, ఆ కాగితంతో పాటే అయిపోవాల్సిన సోషల్ సెక్యూరిటీ నంబరు (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) పని అప్పుడు ఆగిపోతుంది. తర్వాత పసిబిడ్డని పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. అది ఇష్టం లేక మేం ఏడో నెల నుంచే పేర్ల మీద కూర్చున్నాం.

మా అత్తగారింట్లో జన్మనక్షత్రం చూసి, పాదాన్ని బట్టి మొదటి అక్షరం పెడతారు. చంద్రుడు ఒక నక్షత్రంలో ఉండేది ఇంచుమించు ఒక రోజు, ఒక్కో పాదంలో ఆరు గంటలు. డాక్టరు చెప్పిన తేదీకి బిడ్డ వారం ముందు పుడితే ఏడు నక్షత్రాలు మారిపోతాయి. కాబట్టి ముందుగా అక్షరం అనుకుని పేరు వెతకడం కుదరని పని. ఏ అక్షరం వచ్చినా రెండు మూడు పేర్లు చేతిలో ఉండాలి. మా ఆయన గూగుల్ షీటు తెరిచి ఇరవై ఏడు నక్షత్రాలూ వరసగా రాశారు. పేర్లు నింపే పని నాది.

మొదట నన్ను పట్టుకున్న బెంగ వేరే. క్లాసులో ఒలీవియాలు, ఎమ్మాల మధ్య మా పాప పేరు ఒక్కటే వింతగా వినబడుతుందేమో, ఇక్కడివాళ్ళ పేరే ఒకటి చూసుకోవాలేమో అనిపించేది. సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళ పేర్ల జాబితా చూశాక ఆ బెంగ పోయింది. అక్కడ పనిచేసిన మైకేల్ షాకల్‌ఫర్డ్ అనే ఆక్చువరీ (బీమా, పింఛను లెక్కలు కట్టే నిపుణుడు) 1997లో ఈ లెక్కల్ని జనం ముందు పెట్టారు. 1880 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎంతమందికి పెట్టారో ఎవరైనా చూసుకోవచ్చు. 1880 లెక్కలో ప్రతి వందమంది మగపిల్లల్లో ఎనిమిదిమంది జాన్‌లు, ఆడపిల్లల్లో ఏడుగురు మేరీలు. 2017 నుంచి మొదటి స్థానం వదలని లియమ్ ఇప్పుడు వందకి ఒకరి కన్నా కాస్త ఎక్కువ, అంతే. మొదటి స్థానంలో ఉన్న పేరు పరిస్థితే అది! అందరిదీ ఒకే పేరుగా ఉన్న కాలం పోయింది. పక్కవాళ్ళ పిల్లలకి లేని పేరు కోసం అమెరికన్లే వెతుక్కుంటున్నప్పుడు, మనం మన పేరు దాచుకోవాల్సిన పని ఏముంది? అర్జున్, రోహన్, అనిక లాంటివి కొన్నేళ్ళుగా ఆ జాబితా మొదటి వెయ్యి పేర్లలో కనబడుతూనే ఉన్నాయి.

ఆ జాబితా ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు. పేరు వింటే మనిషి వయసు చెప్పేయొచ్చు. మా పక్కింటి పెద్దావిడ పేరు లిండా. 1947 నుంచి 1952 దాకా ఆడపిల్లల పేర్లలో అదే మొదటిది. అప్పట్లో ఆ పేరుతో ఒక పాట దేశమంతా మోగిందట. తర్వాత 1970 నుంచి 1984 వరకు జెన్నిఫర్. నా ఆఫీసులో నలభై దాటినవాళ్ళలో జెన్నిఫర్‌లు ఎందుకంతమందో అప్పుడు అర్థమైంది. మనకీ అంతేగా! సుబ్బలక్ష్మి అంటే ఒక తరం, స్వాతి, శ్రావణి అంటే ఒక తరం, సాన్వి అంటే నిన్న మొన్న పుట్టిన పిల్ల.

లిండా గారిని ఒకసారి అడిగాను, మీ పేరుకి అర్థం ఏమిటండీ అని. "స్పానిష్‌లో అందమైనది అంటారు, నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. మా అమ్మకి ఆ పాట ఇష్టం" అన్నారు. ఇక్కడివాళ్ళ పేర్లలో నాకు ముందు అంతుపట్టనిది ఇదే. మనం లక్ష్మి అన్నా, వెన్నెల అన్నా అర్థం చెవిలో పడుతుంది. వీళ్ళకి పేరు ఒక శబ్దం. అర్థం ఎప్పుడో పాత భాషల్లో ఉండిపోయింది. లియమ్ అంటే విలియమ్‌కి ఐరిష్ పొట్టిరూపం; పాత జర్మన్ మాటల్లో సంకల్పం, శిరస్త్రాణం కలిస్తే విలియమ్. అది తెలిసి పెట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు? కేమరన్ అంటే స్కాట్లండ్ గేలిక్‌లో వంకర ముక్కు. కాల్విన్‌లో ఉన్నది బట్టతల. సిసీలియాకి మూలం గుడ్డి అనే లాటిన్ మాట, క్లాడియాకి కుంటి. మాలరీ అంటే పాత ఫ్రెంచిలో అదృష్టం లేనివాడు. ఇవన్నీ ముచ్చటపడి పెట్టుకుంటున్న పేర్లే.

ఇది విని మా అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు. కానీ మన ఊళ్ళలో పెంటయ్యలు, పుల్లయ్యలు లేరా? పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనేవాళ్ళు, చేటెడు తవుడికి అమ్మినట్టు చేసి మళ్ళీ తెచ్చుకుని తవుడు అని పిలిచేవాళ్ళు. చావు కన్ను బిడ్డ మీద పడకూడదని ఆ తల్లి పడ్డ ఆరాటం అది. పేరుకి నిఘంటువులో ఉన్న అర్థం ఒకటి, పెట్టినవాళ్ళ మనసులో ఉన్నది ఇంకొకటి. లిండా గారి అమ్మ విషయంలోనూ అంతే.

అమెరికన్ పేర్ల పుట్టుపూర్వోత్తరాలు కొన్ని భలే ఉంటాయి. నెవేయా అని ఒక పేరు. హెవెన్, అంటే స్వర్గం అనే ఇంగ్లీషు మాట అక్షరాల్ని వెనకనుంచి రాస్తే వచ్చేది. ఒక రాక్ గాయకుడు 2000లో టీవీలో తన కూతురి పేరు అదని చెప్పాడు. మరుసటి ఏడాదే మొదటి వెయ్యిలోకి, 2005కల్లా మొదటి వందలోకి వచ్చేసింది. మాడిసన్ కథ ఇంకొకటి. అది ఇంటిపేరు, చివర ఉన్నది కొడుకు అనే మాట. 1984లో ఒక సినిమాలో మత్స్యకన్య న్యూయార్క్‌లో ఒక వీధి పేరునే తనకి పెట్టుకుంది. 2001 నాటికి అది ఆడపిల్లల పేర్లలో రెండోది. మేసన్ తాపీమేస్త్రీ, కూపర్ పీపాలు చేసేవాడు, హార్పర్ హార్ప్ వాయించేవాడు. ఒకప్పటి వృత్తులు ఇంటిపేర్లయి, ఇంటిపేర్లు ఇప్పుడు పిల్లల పేర్లయ్యాయి.

ఇక మనవాళ్ళు ఇక్కడ పెడుతున్న పేర్ల సంగతి. రెండు వైపులా చెల్లాలని పొట్టిగా, అచ్చుతో ముగిసే పేర్లు చూసుకుంటారు. నెట్‌లో దొరికిన అర్థం రాసుకుంటారు. నేను ఒక్కో పేరునీ నెట్‌లో ఉన్న ఆంధ్రభారతి నిఘంటువులో వేసి చూశాను. ఆరవ్ అంటే ప్రశాంతత అని చాలాచోట్ల ఉంది. నిఘంటువులో ఆరవము అంటే ధ్వని, చప్పుడు. కలరవంలో ఉన్న రవమే అది. ప్రశాంతతకి సరిగ్గా ఎదురు. అనిక అంటే దుర్గ అనీ, కృప అనీ రాస్తారు. కృప అన్నది యూరప్ అన్నికాది, అన్నా నుంచి, హీబ్రూ హన్నా నుంచి వచ్చింది. సంస్కృతంలో దగ్గరగా ఉన్న మాట అనీకం, అంటే సైన్యం. అనయ ఇంకా ఇబ్బంది. నయానికి వ్యతిరేకం అనయం: అనీతి, ఆపద. అరబ్బీలో అలాంటి మాటకే శ్రద్ధ, ఆదరణ అనే అర్థం ఉంది. ఏ భాష మాటగా పెడుతున్నామో తెలిసి పెడితే ఏ పేరైనా మంచిదే. మూడు భాషల అర్థాలు కలిపేసి, సంస్కృతం అని ముద్ర కొట్టి చెప్పడమే నాకు బాధ. పెద్దయ్యాక పిల్ల అడుగుతుంది కదా, నా పేరుకి అర్థం ఏమిటమ్మా అని. దానికి మనం నిజం చెప్పగలగాలి.

అర్థం కుదిరినా, నోరు తిరగాలి. మా ఆయన కాఫీ షాపుకి వెళ్ళినప్పుడల్లా ఆర్డరుకి షీటులోంచి ఒక పేరు ఇచ్చేవారు. వేద అని చెబితే కప్పు పట్టుకుని "వేడా" అని పిలిచింది ఆ అమ్మాయి. నిధి "నిడీ" అయింది. ధృతి దగ్గర మూడుసార్లు అడిగి, చివరికి డి అని ఒక్క అక్షరం రాసిచ్చింది. మన త, ద లు వాళ్ళ నోట్లో ట, డ లవుతాయి. ళ, ణ ల ఆశ వదులుకోవాల్సిందే. మ, న, ల, ర, స ఉన్న పేర్లు దాదాపు ఉన్నవున్నట్టు పలుకుతారు. మీరా, హాసిని, లాస్య, లీల, సుమన మొదటిసారే సరిగ్గా వచ్చాయి. వేద అంటే నాకు ప్రాణం, అయినా కొట్టేశాను. రోజుకి పదిసార్లు "వేడా" అని పిలుస్తుంటే వినలేను.

పాప జూన్‌లో పుట్టింది. గంట తిరక్కుండానే తెనాలి నుంచి మామయ్య ఫోన్ చేసి భరణి రెండో పాదం, అక్షరం లూ అన్నారు. మా ఆయన ఫోన్‌లో చూస్తే మొదటి పాదం, లీ. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? ఆసుపత్రి బెడ్ మీద నేను, వీడియోలో పంచాంగం పట్టుకుని మామయ్య. తేడా ఎక్కడంటే, ఆయన ఇక్కడి టైముకి పదకొండున్నర గంటలు కలిపారు. అది చలికాలం లెక్క. వేసవిలో ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి పదిన్నరే కలపాలి. పాదం మారేది సరిగ్గా ఆ గంటలోనే పడింది. విదేశాల్లో పుట్టిన పిల్లల నక్షత్రం ఇండియాలో చూపించేటప్పుడు ఇది తప్పకుండా చెప్పండి. నక్షత్రం, పాదం భూమ్మీద ఎక్కడున్నా ఆ క్షణానికి ఒకటే, లగ్నమే చోటుని బట్టి మారుతుంది. మామయ్య లెక్క మళ్ళీ వేసుకుని "లీ యే అమ్మా" అన్నారు. లూ అయ్యుంటే షీటులో ఉన్నది లూనా ఒక్కటే. చంద్రుడికి లాటిన్ పేరు, 2023లో ఇక్కడ మొదటి పదిలో ఉంది. కానీ మామయ్య తరానికి లూనా అంటే తొక్కి స్టార్ట్ చేసే బండి.

లీల అని అందరికీ నచ్చింది. ఆట, క్రీడ, దేవుడి విలాసం. మా అమ్మమ్మ లీలావతి. ఇక స్పెల్లింగు. ఎల్-ఐ-ఎల్-ఏ అని రాసి నర్సుకి చూపిస్తే "లైలా" అని చదివింది. రాత్రి డ్యూటీకి వచ్చిన ఇంకో నర్సు "లీలా" అంది. లైలా అనగానే ఇక్కడివాళ్ళకి తట్టేది, రాత్రి అనే అర్థమున్న అరబ్బీ పేరు, అది వేరు. మధ్యలో రెండు ఈలు పెట్టి చూపించాను. ఇద్దరూ లీలా అన్నారు. అదే ఖాయం చేశాం. ఇక్కడ ఒక్కో స్పెల్లింగునీ విడి పేరుగానే లెక్కిస్తారు. 2024 మొదటి పదిలో సోఫియా రెండుసార్లుంది, ఒకటి పి-హెచ్‌తో, ఒకటి ఎఫ్‌తో.

మర్నాడు జనన నమోదు చూసే ఆవిడ కాగితాలతో వచ్చింది. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మొదటి పేరు గడిలో రెండు మాటలు రాయొద్దు. సాయి లీల అని విడిగా రాస్తే బడిలో, బ్యాంకులో అందరూ సాయి అనే పిలుస్తారు. నాగ, వెంకట, శ్రీ పెట్టుకున్నవాళ్ళ కష్టం ఎరిగినదే. అత్తయ్య కోరుకున్న లక్ష్మి మధ్య పేరు గడిలో పెట్టాం. ఇంటిపేరు చివరి గడిలో. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా రాయాలి. తల్లికి పెళ్ళికి ముందున్న పేరు కూడా అడుగుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా అన్నచోట అవును అని టిక్ పెట్టాలి. కార్డు పోస్టులో వస్తుంది. చివర్లో ఆవిడ ప్రింటు తీసిచ్చినప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నా సరే, ఇద్దరూ బయటికి చదివి సరిచూసుకోండి. సంతకం అయ్యాక దిద్దించుకోవడం పెద్ద తతంగం.

తర్వాతివి తేలికే. పాస్‌పోర్టుకి తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో వెళ్ళాలి, తెల్లదుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీసిన ఫోటో సరిపోయింది. ఓసీఐకి (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఆ పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంటే అలాగే. ఇరవై ఒకటో రోజున ఇంట్లోనే బారసాల చేసి, బియ్యంలో తెలుగులో లీలాలక్ష్మి అని రాశాం. తాతయ్య వీడియోలో పేరు పిలిచారు.

ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచుకి ఎనిమిదో నెల. షీటు మొత్తం పంపాను. మగపిల్లాడైతే ఆరవ్ అనుకుంటోంది. నిఘంటువు పేజీ ఫోటో తీసి పెట్టాను. "అర్థం ధ్వని అయితే ఏం వదినా, నాకు అదే నచ్చింది, అలాగే చెబుతాను వాడికి" అంది. తెలిసి పెడుతోంది కాబట్టి నేనింకేం అనలేదు. గడువూ ఫారమూ రాష్ట్రాన్ని బట్టి మారతాయి కనుక, ఆసుపత్రి బ్యాగు సర్దుకునేలోపే అక్కడి పద్ధతి కనుక్కోమని మాత్రం చెప్పాను.