టెక్సస్ టూ-స్టెప్: కాలికి లెక్క కుదిరేదాకా నా అనుభవం

"కంట్రీ డాన్స్" అని అందరం ఒకే మాటలో అనేస్తాం. టెక్సస్‌లో శనివారం సాయంత్రం ఏ డాన్స్ హాల్లోకి వెళ్లినా గంటలోపే టూ-స్టెప్, వాల్ట్జ్, పోల్కా, స్వింగ్ నాలుగూ కనిపిస్తాయి. ఇవి నాలుగూ వేరువేరు చోట్ల పుట్టాయి, ఒంటిని వాడే తీరు కూడా వేరు. నేను అన్నిటినీ ఒకే ఊపుతో వేయబోయి చాలాకాలం కుదరక తిప్పలుపడ్డాను. చివరికి పట్టుబడిన క్రమం ఇది.

మొదలు టూ-స్టెప్‌తోనే పెట్టాలి. అడుగులు నాలుగే: క్విక్, క్విక్, స్లో, స్లో. క్విక్‌కి ఒక బీటు, స్లోకి రెండు, మొత్తం ఆరు. ఇది జంట డాన్స్: లీడ్ (నడిపించేవాళ్లు) ఎడమ కాలితో ముందుకు, ఫాలో (వాళ్లకు తగ్గట్టు అడుగేసేవాళ్లు) కుడి కాలితో వెనక్కి. చెప్పడానికి ఇంతే గానీ పాట నిమిషానికి 180 బీట్ల దరిదాపుల్లో పరిగెడుతుంటుంది. ఆ లెక్కన ఒక ఆవృత్తం రెండు సెకన్లలో అయిపోతుంది. మూడు నిమిషాల పాటకు 90 ఆవృత్తాలు, 360 అడుగులు.

తాళం వేయడం అలవాటున్నవాళ్లకు ఇక్కడ ఒక తికమక ఎదురవుతుంది. పాట నాలుగేసి బీట్ల బార్లుగా నడుస్తుంది, అడుగులేమో ఆరేసి. రెండూ కలిసేది పన్నెండు బీట్లకోసారి: మనవి రెండు ఆవృత్తాలు, పాటవి మూడు బార్లు. అందుకని మొదటి క్విక్ ఒకసారి బార్ మొదట్లో పడితే తర్వాతిసారి బార్ మధ్యలో, మూడో బీటు మీద పడుతుంది. తప్పిపోయామేమోనని చాలామంది అక్కడే ఆగి మళ్లీ మొదలెడతారు. ఆగక్కర్లేదు. బాస్ గిటార్ ఒకటి, మూడు బీట్ల మీద మోగుతుంది. ఆ రెండింటిలో దేని మీద బయల్దేరినా చాలు, స్లో అడుగులు కూడా బాస్ మీదే పడతాయి. రెండో బీటు మీద బయల్దేరామా, పాటంతా ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టే ఉంటుంది.

కొన్ని హాళ్లలో పెద్దవాళ్లు "స్లో, స్లో, క్విక్, క్విక్" అని లెక్కపెడతారు. అదేదో వేరే డాన్స్ అని కంగారుపడొద్దు. అదే చక్రాన్ని మధ్యలోంచి అందుకుంటున్నారంతే, కాళ్లు కూడా మారవు. ఫాక్స్‌ట్రాట్ అనే మరో జంట డాన్స్ వరస కూడా ఇదే. టూ-స్టెప్ అనే పేరు మాత్రం అంతకంటే పాతది. అమెరికన్ స్వరకర్త జాన్ ఫిలిప్ సూజా 1889లో కట్టిన "వాషింగ్టన్ పోస్ట్" అనే మార్చ్‌కి (కవాతు బాణీకి) వేసిన డాన్స్‌గా ఆ పేరు అమెరికా అంతా పాకింది.

తిప్పడం జోలికి పోకుండా మొదటి రెండు వారాలూ నడకే చేయాలి. ఫోన్లో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని బీటు కొట్టే యాప్) పెట్టి ఇంటి వరండాలో ఒక్కరే నడవొచ్చు. నిమిషానికి 120 బీట్లతో మొదలుపెట్టి, పక్కవాళ్లతో మాట్లాడుతూ కూడా లెక్క తప్పకుండా నడవగలిగితేనే 140కి వెళ్లాలి. ఆపైన 160, 180. మాట ఆగిపోతోందంటే లెక్క ఇంకా బుర్రలోనే ఉంది, కాలిలోకి దిగలేదు.

మనవాళ్లకు మొదట అడ్డొచ్చేది తీన్మార్. ఆ దెబ్బకి ఎగిరిన మోకాళ్లు టూ-స్టెప్‌లోనూ ఎగరబోతాయి. ఇక్కడ తల ఒకే ఎత్తులో సాగాలి, నెత్తిన నిండు బిందె పెట్టుకుని నడిచినట్టు. ఇంకో తప్పు, రెండో క్విక్‌కి పాదాలు రెండూ జతకలిపేయడం. కలిపితే బరువు ఏ కాలి మీదుందో తెలియదు, తర్వాతి స్లో తడబడుతుంది. కాలు కాలిని దాటి ముందుకే పోవాలి. ముందుకు నడిచేవాళ్లు మడమతో మొదలుపెట్టాలి. వెనక్కి నడిచేవాళ్లు తుంటి దగ్గర్నుంచి కాలు చాచి, మునివేళ్లు ముందు ఆనించాలి. ఫాలో వెనక్కి పొట్టి అడుగులేస్తే మోకాళ్లు ఢీకొంటాయి. తప్పు లీడ్‌ది అనుకుంటారు గానీ సగంసార్లు కారణం ఇదే.

ఇక నిలబడే తీరు. ఎదురెదురుగా, కానీ ఇద్దరూ కొద్దిగా ఎవరి ఎడమకు వాళ్లు జరగాలి. ఎవరి కుడి పాదమైనా అవతలివాళ్ల రెండు పాదాల మధ్యలోకి చూడాలి. లీడ్ కుడి అరచెయ్యి ఫాలో ఎడమ భుజపుటెముక మీద, ఫాలో ఎడమ చెయ్యి లీడ్ కుడి భుజం కింద. మధ్యలో జానెడు ఎడం ఉన్నా ఫర్వాలేదు, మొహమాటపడక్కర్లేదు. కానీ మోచేతులు జారిపోకూడదు. లీడ్ ఒళ్లు ముందుకు కదిలితే ఆ కదలిక భుజపుటెముక దగ్గర తెలియాలి. మోచెయ్యి వేలాడితే ఏమీ తెలియదు, అప్పుడు లీడ్ చేత్తో తోయడం మొదలెడతాడు.

హాల్లో అందరూ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతారు. దాన్ని గుర్తుపెట్టుకోవడానికి మనకో సులువుంది. గుళ్లో ప్రదక్షిణ చేస్తే దేవుడు కుడిచేతివైపు ఉంటాడు, ఇక్కడ హాలు నడిమి భాగం లీడ్‌కి ఎడమచేతివైపు ఉండాలి. గోడ పక్క వరస వేగంగా వెళ్లేవాళ్లది. నెమ్మదిగా వెళ్లేవాళ్లు లోపలి వరసలో ఉండాలి. లైన్ డాన్స్‌వాళ్లు (జంట లేకుండా వరసకట్టి ఆడేవాళ్లు), స్వింగ్‌వాళ్లు మధ్యలో ఉంటారు. గోడ పక్కన ఆగి అడుగులు సరిచూసుకుంటే వెనక జంట వచ్చి గుద్దుకుంటుంది. తప్పినా నడుస్తూనే సరిచేసుకోవాలి.

నడక కుదిరాక ఒక్క తిప్పుడు చాలు: చేతి కిందనుంచి ఫాలో కుడివైపు తిరగడం. రెండో క్విక్ మీద లీడ్ ఎడమ చెయ్యి లేపుతాడు, కుడి చెయ్యి వదులుతాడు. మొదటి స్లోకి ఫాలో సగం తిరిగి నడిచే దిశకు ముఖం పెడుతుంది. రెండో స్లోకి మిగతా సగం తిరిగి మళ్లీ ఎదురుగా వస్తుంది. క్విక్ వచ్చేసరికి ఇద్దరూ పట్టులో ఉండాలి. ఇది చెడేది ఎక్కువగా చెయ్యి ఆలస్యంగా లేపడం వల్ల. ఒక్క బీటు ఆలస్యమైనా ఫాలో అప్పటికే వెనక్కి అడుగు వేసేసి ఉంటుంది. తలమీద గరిట తిప్పినట్టు చేతిని గిరగిరా తిప్పనక్కర్లేదు, నుదుటి ఎత్తులో చిన్న దారి చూపిస్తే తనే తిరుగుతుంది. వేళ్లు బిగించి పట్టుకుంటే మణికట్టు మెలిపడుతుంది. కొక్కేనికి తగిలించినట్టు వదులుగా ఉంచాలి.

వాల్ట్జ్, పోల్కా వచ్చింది 19వ శతాబ్దంలో నడి టెక్సస్‌లో స్థిరపడిన జర్మన్, చెక్ రైతు కుటుంబాలతో. వాళ్ల తుపాకీ గురి సంఘాలకు, వ్యాయామ సంఘాలకు, పాటల సంఘాలకు కట్టుకున్న హాళ్లే తర్వాత డాన్స్ హాళ్లయ్యాయి. న్యూ బ్రాన్‌ఫెల్స్ దగ్గరున్న గ్రీన్ (Gruene) హాల్ 1878 నాటిది, ఇప్పటికీ అందులో బ్యాండ్లు వాయిస్తున్నాయి. ఆ ఇళ్ల అకార్డియన్‌ని మెక్సికన్ టెక్సన్లు అందుకున్నారు, వాళ్ల "కొన్‌హుంతో" అనే సంగీతంలో పోల్కా అలా స్థిరపడింది.

వాల్ట్జ్ తిశ్రం, అంటే మూడేసి బీట్లు: తకిట, తకిట. నిమిషానికి 90 బీట్ల ప్రాంతం. తకారం మీద పొడుగు అడుగు, మిగతా రెండూ పొట్టివి. మూడు అడుగులకోసారి ముందుపడే కాలు మారుతుంది, టూ-స్టెప్ అలవాటైనవాళ్లు అక్కడే ఒక బీటు ఆగిపోతారు. ఆ ఆగడం పోవడానికి నోటితో తకిట అనుకుంటూ నడవడం నాకు బాగా పనిచేసింది. పోల్కా బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలో) 1830లలో పుట్టి 1840లలో పారిస్‌ని ఊపేసింది. ఒకటి-అండ్-రెండు అని రెండు బీట్లలో మూడు అడుగులు. పాత యూరప్ గెంతు టెక్సస్‌లో బాగా తగ్గింది, చీలమండల్లో కాస్త ఊపు మిగిలింది. ఇక్కడ మాత్రం తీన్మార్ మోకాలు కొంచెం పనికొస్తుంది.

స్వింగ్ దారి వేరు. దాని మూలం న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతివాళ్లు ఆడిన లిండీ హాప్ అనే డాన్స్. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 1930లలో బాబ్ విల్స్, మిల్టన్ బ్రౌన్ అనే సంగీతకారులు ఫిడిల్ సంగీతంలోకి జాజ్‌ని తెచ్చారు, ఆ వెస్టర్న్ స్వింగ్ మీద కంట్రీ హాళ్లలోనూ ఈ అడుగులు నిలబడ్డాయి. ఎడమకు మూడడుగులు, కుడికి మూడడుగులు, తర్వాత వెనక్కి ఒకటి, ఉన్నచోట ఒకటి. కౌంటు ఆరే అయినా ఇది ఉన్నచోటే ఆడేది. గోడ పక్క వరసలో మొదలుపెడితే అందరికీ అడ్డం.

బూట్ల సంగతి. రబ్బరు అడుగున్న స్నీకర్లు నేలకు పట్టేస్తాయి. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. తోలు అడుగు ఉండాలి. మొదటి జత పొట్టి మడమ రోపర్ బూట్లయితే (ఒకరకం కౌబాయ్ బూట్లు) నయం. కొన్ని హాళ్లలో నేల జారడానికి మొక్కజొన్న పిండో, మైనపు పొడో చల్లుతారు. అది తాజాగా పడ్డ చోట మొదటి రెండు పాటలూ అడుగు సగానికి తగ్గించుకుని, తిప్పుళ్లు లేకుండా నడవాలి. తిరిగి కార్ దగ్గరికి అవే బూట్లతో కంకర మీద నడిస్తే తోలు గీసుకుపోయి గరుకెక్కుతుంది, వచ్చే వారం మళ్లీ పట్టేస్తుంది. కార్లో ఒక జత చెప్పులు పెట్టుకోండి.