బార్డర్‌లోనే ఉంది కదా!

మావారికి షుగర్ ఉందని తెలిసిన రోజున మా వంటగది మొత్తం మారిపోయింది. పదకొండేళ్ల తరువాత నాకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ అని తేలిన రోజున మాత్రం అక్కడ ఒక్క డబ్బా కూడా చోటు మారలేదు. పరగడుపున షుగర్ 112, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి 6.1 వచ్చాయి. డాక్టరుగారు రిపోర్టును అర నిమిషం చూసి, "బార్డర్‌లో ఉంది, తీపి తగ్గించండమ్మా" అని తరువాతి చీటీ అందుకున్నారు. ఇంటికొచ్చి చెబితే మావారు కూడా "బార్డర్‌లోనే ఉంది కదా" అన్నారు. ఆ 'లోనే' దగ్గర నాకు చివుక్కుమంది.

అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను. ఆయనకు అరికాళ్లలో మంటలు, ఆపైన స్పర్శ తగ్గిపోవడం. నిరుడు కోవూరులో బస్సు దిగి నడుస్తుండగా ఎడమకాలి చెప్పు జారిపోయింది; వెనకాల వస్తున్న పిల్లవాడు దాన్ని తెచ్చి "తాతా, నీ చెప్పు" అని ఇచ్చేదాకా, కాలుతున్న తారురోడ్డు మీద పదడుగులు వేసినా ఆయనకు తెలియలేదు. రాత్రి మూడుసార్లు లేస్తారు గనుక నాకూ నిద్ర ఉండదు. ఏ ఊరు వెళదామన్నా అక్కడ బాత్‌రూము సౌకర్యం ఉందా అన్నదే ఆయన మొదటి ప్రశ్న.

నాకేమో ఏ బాధా లేదు. జబ్బుమనిషినని చెప్పుకోలేను, ఆరోగ్యంగా ఉన్నాననీ అనలేను. పరగడుపున 126కు, హెచ్‌బిఎ1సి 6.5కు చేరితే షుగరేనట. ఆ అంకెలు అర్ధరాత్రి గుర్తొచ్చేవి. మన దేశంలో ఇలా మధ్యలో ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది అని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం లెక్కగట్టింది. నాకు అదేమీ ఊరట కలిగించలేదు.

మరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తీపి కంటే ముందు అన్నం సంగతి అడిగారు. మా పుట్టిల్లు ఉదయగిరి వైపు, మెట్ట ప్రాంతం. చిన్నప్పుడు సంగటి ముద్దలే తిన్నాం. పెన్నా నీళ్లు పారే వైపు కోడలిగా వచ్చాక మూడుపూటలా తెల్లన్నమే గొప్పగా తోచింది. "అయితే మళ్లీ సంగటికి మారతాను" అన్నాను హుషారుగా. రాగి అయినా బియ్యమైనా ముద్ద పెద్దదైతే చక్కెర పెరుగుతుందని ఆవిడ చెప్పేసరికి నా ఉత్సాహం సగం చల్లారింది.

అప్పటినుంచి మావారి మీటరే నాకు పంతులయింది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువని ఆయనే నేర్పారు. ఎప్పటిలా మూడు హస్తాల అన్నంలో చేపల పులుసు పోసుకొని తిన్న రోజున రెండు గంటలకు 182 చూపించింది. ఒకటిన్నర హస్తం అన్నానికి ముందు కూర, పప్పు తిని, చెయ్యి కడుక్కున్నాక ఇరవై నిమిషాలు నడిచిన రోజున 141. అసలు కష్టం ఆ నడకతోనే వచ్చింది. భోజనాలయ్యాక ఆడమనిషి ఒంటరిగా వీధిలో తిరుగుతుంటే అరుగుల మీదివాళ్లందరికీ సమాధానం చెప్పుకోవాలి. వారం తరువాత మావారు కూడా చెప్పులు తొడుక్కుని బయల్దేరారు. వెనక పట్టీ ఉన్నవి నేనే కొనిపెట్టాను.

చెన్నైలో వైద్యులు నాలా బార్డర్‌లో ఉన్నవారిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు: మామూలు సలహాతో సరిపెట్టుకున్నవారిలో నూటికి 55 మందికి షుగర్ వస్తే, తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికి వచ్చింది. అంటే ఎంత జాగ్రత్తపడినా కొందరికి రాక తప్పలేదన్నమాట. డాక్టరమ్మ ఈ రెండో సగం కూడా దాచకుండా చెప్పినందుకు ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఆరు నెలలకు నా హెచ్‌బిఎ1సి 5.8కి దిగింది. 5.7కు చేరినా ఇంకా ఆ గీతలోపలే. అంతకంటే కిందికి పోతేనే మామూలు.

మొన్న మా ఆడబిడ్డ కూతురి పెళ్లిలో, అన్నం వడ్డించే అబ్బాయి రెండోసారి రాగానే మావారు తన విస్తరితోపాటు నా విస్తరి మీద కూడా చెయ్యి అడ్డం పెట్టి, "మా ఇద్దరికీ చాలు నాయనా" అన్నారు. నాకు పెరుగులోకి ఇంకో పిడికెడు కావాలని ఉండింది. అడిగి వేయించుకున్నాను.