నా జుట్టు, మా నాన్న బంపర్

మా నాన్న లారీ ముందు బంపర్‌కి ఒక నల్ల తాడు ఉండేది. బెంగళూరు లోడు తీసుకెళ్లినప్పుడు అక్కడ కొని కట్టుకొచ్చాడు, దిష్టి తగలకుండా. నిమ్మకాయలు, మిరపకాయలు మారుతుండేవి, ఆ తాడు మాత్రం అలాగే ఉండేది. ఒకవైపు నిమిరితే మెత్తగా, ఎదురు నిమిరితే గుచ్చుకుంటూ ఉండేది. అవి మనుషుల వెంట్రుకలని ఒకరోజు క్లీనర్ చెప్పాడు. ఆ రాత్రి అన్నం తినేముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

చాలా ఏళ్ల తర్వాత, మా చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు, లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియంలో అదే తాడు మళ్లీ కనిపించింది. కళాకారిణి షీలా గౌడ చేసిన ‘బిహోల్డ్’. 2009లో ఇటలీలోని వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పెట్టిన పని అది. సుమారు 4,000 మీటర్ల వెంట్రుకల తాడు, 20 కారు బంపర్లు. విజయవాడలో బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా పరిచినా ఇంకా మిగులుతుందేమో. గోడల మీంచి జారి, చిక్కులు పడి, నేలమీద కుప్పలుగా పడి ఉంది. మధ్యమధ్యలో మెరిసే స్టీలు బంపర్లు ఆ తాళ్లకే వేలాడుతున్నాయి. దూరం నుంచి ఎవరో గోడమీద నల్లసిరాతో గీతలు గీసినట్టుంది. దగ్గరికి వెళ్తే తాడులోంచి పొట్టి వెంట్రుకలు పైకి లేచి కనపడతాయి. ముట్టుకోకూడదు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ముట్టుకుంటే ఎలా ఉంటుందో నా వేళ్లకి తెలుసు.

షీలా గౌడది కర్ణాటకలోని భద్రావతి. 1957లో పుట్టింది. మొదట్లో బొమ్మలు వేసేది. 1992 తర్వాత దేశంలో జరిగిన హింస చూశాక రంగులు చాలవనిపించి ఆవుపేడ చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత దారం, సూదులు, కుంకుమ. సూదుల్లోంచి దారాలు లాగి, కుంకుమ, జిగురు పట్టించి ఎర్రటి తాళ్లుగా చేసిన పని ఒకటుంది. తాడు చివర సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి. ఫోటోలోనే చూశాను, అయినా పేగులు గుర్తొచ్చాయి. ఈమె పనుల్లో మనిషి బొమ్మ ఉండదు, శరీరం మాత్రం ఉంటుంది. నాకు ఈమె అంత ఇష్టం కావడానికి అదే కారణం.

‘బిహోల్డ్’ పుట్టింది బెంగళూరు రోడ్ల మీద. బండ్లకి కట్టే ఈ తాళ్లు ఆమె కంట పడ్డాయి. గుళ్లలో మొక్కు తీర్చుకున్నవాళ్ల జుట్టులో పొడుగువి విగ్గులకి పోతాయి, పొట్టివి ఇలా తాళ్లవుతాయి.

నేనూ ఇచ్చాను. నాకు పదకొండేళ్లు. నాన్న లారీకి యాక్సిడెంటయి రెండు నెలలు మంచంలో ఉన్నాడు. ఆయన లేచి నడిస్తే నా తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కు అమ్మది, జుట్టు నాది. నన్ను అడగలేదు. తిరుమల కల్యాణకట్టలో నా జుట్టు తడిపి, రెండుపాయలు చేసి, చెరోవైపు ముడేశారు. తల వంచమన్నారు. బ్లేడు చల్లగా నుదుటి మీంచి వెనక్కి వెళ్లింది. మొదటి పాయ ముడితో సహా నా ఒళ్లో పడ్డప్పుడు, అంత బరువు తలమీద మోశానా అనిపించింది. తర్వాత గంధం రాస్తే, గీసుకున్నచోట భగ్గుమంది. పక్కన నాన్న కర్ర పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు. స్కూల్లో ఆర్నెల్లు స్కార్ఫ్ కట్టుకున్నాను. అమ్మ మీద ఆ కోపం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను. నాన్న నడిచాడు, అదీ నిజమే.

తలమీద ఉన్నంతసేపూ అది జడ, పూలు పెడతాం. దువ్వెనలో చిక్కుకుంటే చిక్కెంట్రుకలు. మా అమ్మమ్మ వాటిని ఉండచుట్టి చూరులో దోపేది, సామానులవాడు వస్తే స్టీలు గిన్నెకి మార్చేది. అదే వెంట్రుక అన్నంలో వస్తే పళ్లెం పక్కన పెట్టేస్తాం. కొండమీద తలనీలాలు. వేలంలో కిలోలు. ఇంకొకరి జడలో కలిస్తే సవరం. బంపర్‌కి కడితే రక్ష. ఇన్ని పేర్లు మార్చుకునే వెంట్రుక ఎవరిదో మాత్రం ఎక్కడా ఎవరూ అడగరు. మ్యూజియంలోని ఆ గదిలో అడగాలనిపించింది. నాలుగువేల మీటర్లలో ఎంతమంది ఉంటారు? ఎంతమంది పరీక్షలు, కాన్పులు, ఆపరేషన్లు? ఎంతమంది నాలాగా అడక్కుండా కూర్చోబెట్టిన పిల్లలు? పేర్లు రాసి, ఫోటోలు అంటించి ఉంటే ఈ పని పాడయ్యేది. ఒకరి జుట్టు ఇంకొకరి జుట్టుతో విడదీయలేనట్టు పేనుకుపోయింది, అలాగే వదిలేసింది షీలా గౌడ. చాలా సరైన నిర్ణయం అది.

బయటికొచ్చి నది ఒడ్డున నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. ఫోటోలు అప్పటికే వాట్సాప్‌లో చూసినట్టున్నారు.

“అవి కారు బంపర్లు కదమ్మా,” అన్నాడు నాన్న. “ఆ తాళ్లే మోస్తున్నాయా వాటిని?”

“అవును నాన్నా.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుంది.

“నీ జుట్టు అప్పుడు నడుము దాకా ఉండేది,” అంది. “తాళ్లలోకి పోయుండదులే. ఎవరో తలమీద పెట్టుకునుంటారు.”