నాన్న ల్యాప్‌టాప్‌లో డెబియన్

ఎన్నాళ్ల నుంచో వాయిదా వేస్తున్న పని ఈరోజు పూర్తిచేశాను. నాన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి డెబియన్ 13 పెట్టాను. డెబియన్ అంటే విండోస్ బదులు వాడుకోగల ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. ఈ ల్యాప్‌టాప్ అంతకంటే పాతది. కానీ స్క్రీన్ మీద చిన్న గీత కూడా లేదు, కీబోర్డ్‌లో ఒక్క అక్షరం అరగలేదు, 4 జీబీ ర్యామ్ ఉంది. ఇంత బాగున్నదాన్ని మూలన పడేయడానికి నాకు మనసొప్పలేదు.

పొద్దున్నే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏమ్మా, నా ఫైళ్లు భద్రమేనా?" అని ఒకటే ప్రశ్న.

"రాత్రే బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేశాను నాన్నా. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంది."

కాపీ చేశాక వేరే కంప్యూటర్‌లో పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి కూడా చూశాను. కాపీ అయిందని అనుకోవడం వేరు, తెరిచి చూసుకోవడం వేరు. బ్రౌజర్‌లో దాచుకున్న బుక్‌మార్క్‌లు చాలామంది మర్చిపోతారు. అవి కూడా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టాను.

ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లైవ్ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. దీనితో ఉన్న సుఖం ఏంటంటే డిస్క్‌ని ముట్టుకోకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మొత్తం సిస్టమ్ నడిపి చూడొచ్చు. సౌండ్ వచ్చింది, వెబ్‌క్యామ్ పనిచేసింది. వైఫై మాత్రం అసలు కనపడలేదు. నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కితే ఒక్క పేరూ లేదు. నాన్న మొహంలో టెన్షన్ మొదలైంది. "పాతదే ఉంచేద్దామా?" అన్నారు.

నాకు లైనక్స్ మీద ఇష్టం పెరిగింది సరిగ్గా ఇలాంటి చోటే. మొరాయిస్తే మొరాయిస్తుంది గానీ, ఎందుకో చెప్తుంది. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) రాసే మెసేజ్‌లు చూశాను. బీ43 అనే డ్రైవర్ వైఫై చిప్‌ని గుర్తుపట్టింది, దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) దొరకలేదని ఆ ఫైల్ పేరుతో సహా రాసింది. నాన్నకి ఆ లైన్ చూపించి, "చూడండి, చిప్ బాగానే ఉంది. దానికి కావాల్సిన ఒక ఫైల్ లేదంతే" అన్నాను. అప్పటికి ఆయన కుదుటపడ్డారు.

డెబియన్ 12 నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్ చాలావరకు ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. అంతకుముందు వేరే ఇమేజ్ వెతుక్కోవాల్సి వచ్చేది. 2022లో డెబియన్ డెవలపర్లు ఓటు వేసి మరీ ఆ నిర్ణయం తీసుకున్నారు, అది ఎంతోమందికి మేలు చేసింది. కానీ ఈ చిప్ ఫర్మ్‌వేర్‌ని ఇంకొకరు పంచిపెట్టడానికి లైసెన్స్ ఒప్పుకోదు. అందుకని డెబియన్‌లో ఉన్న ప్యాకేజీ ఫైల్‌ని తనతో తీసుకురాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచి అసలు డ్రైవర్ దించుకుని, అందులోంచి ఫర్మ్‌వేర్ ముక్కని కత్తిరించి పెడుతుంది. అంటే వైఫై రావాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే వైఫై కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు.

దారి జేబులోనే ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని పంచుకోవడం) ఆన్ చేస్తే, ల్యాప్‌టాప్ దాన్ని మామూలు వైర్ కనెక్షన్‌లా తీసుకుంటుంది. ఏ డ్రైవరూ వెతకక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ పెట్టబోయే ఎవరికైనా నేను ముందు చెప్పే మాట ఇదే: ఒక మంచి కేబుల్ పక్కన పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ చేయడం గురించి పెద్దగా రాయడానికేం లేదు. డిస్క్ మొత్తం చెరిపేయమన్నాను, భాష, టైమ్ జోన్, పాస్‌వర్డ్ అడిగింది, అయిపోయింది. రీస్టార్ట్ చేశాక ఫోన్ తగిలించి, సాఫ్ట్‌వేర్ సోర్సుల్లో ఈ ప్యాకేజీ ఉండే కాంట్రిబ్ విభాగం చేర్చి, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పెట్టాను. మళ్లీ ఒకసారి రీస్టార్ట్. ఈసారి నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కితే పేర్లు వరుసగా వచ్చాయి. నాన్న మా వైఫై పేరు చూసి, పాస్‌వర్డ్ తనే కొట్టారు.

గడియారం కొన్ని గంటలు ముందుకి చూపిస్తోంది. విండోస్ మదర్‌బోర్డ్ గడియారంలో స్థానిక సమయం రాసి వెళ్తుంది, లైనక్స్ దాన్నే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని చదువుతుంది. ఆ తేడాయే ఇది. నెట్ తగలగానే దానంతటదే సరైంది. టచ్‌ప్యాడ్‌ని వేలితో తడితే క్లిక్ అవ్వలేదు, సెట్టింగ్స్‌లో ఒక టిక్ పెడితే సరిపోయింది.

నేను ఎక్కువసేపు కూర్చున్నది తెలుగు దగ్గర. నాన్న రోజూ తెలుగులో రాసుకుంటారు, అది కుదరకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చాను. అది ఆయనకి అలవాటైన ఇన్‌స్క్రిప్టే, అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు. ఫాంట్లలో లోహిత్ తెలుగు పెట్టాను, ఆయనకి ఇష్టమని పోతన కూడా పెట్టాను. ఎడిటర్ తెరిచి "స్త్రీ", "జ్ఞానం", "క్ష్మాపతి" అని కొట్టమన్నాను. ఒత్తులు విడిపోతే అక్కడే తెలిసిపోతుంది. "స్త్రీ"లో తావత్తు, రావత్తు రెండూ సకారం కింద చక్కగా కూర్చున్నాయి. నాన్న అక్షరాల సైజు పెంచి మరీ చూశారు. "బాగుందమ్మా, పోతన ఇంత శుభ్రంగా ఎప్పుడూ కనపడలేదు" అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి!

సాయంత్రం ఇంకోటి బయటపడింది. మూత మూసి తెరిస్తే వైఫై ఉండట్లేదు. లాగ్ చూస్తే నిద్రలేచాక ఆ బీ43 దగ్గరే ఆగుతోంది. డ్రైవర్ మాడ్యూల్‌ని తీసేసి మళ్లీ ఎక్కిస్తే వెంటనే వస్తోంది. ఆ రెండు కమాండ్లు నాన్న ప్రతిసారీ కొట్టక్కర్లేకుండా చిన్న స్క్రిప్ట్ రాసి, నిద్రపోయేటప్పుడూ లేచేటప్పుడూ సిస్టమ్ నడిపే ఫైళ్లుండే సిస్టమ్‌డీ స్లీప్ ఫోల్డర్‌లో పెట్టాను. ల్యాప్‌టాప్ లేవగానే అదే నడుస్తుంది. మూత మూసి తెరుస్తూ చాలాసేపు పరీక్షించాను, నిలబడింది.

బ్లూటూత్ ఇంకా చూడలేదు. ప్రింటర్ కూడా ఉంది, రేపు నాన్న ఏదో ప్రింట్ తీయాలట. పొద్దున్నే ముందు ఆ సంగతి చూడాలి.