తుగ్లకాబాద్ చలిలో మొరాయించిన పిస్టల్

ఢిల్లీలోని డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్‌ను 1982 ఆసియా క్రీడల కోసం కట్టారు. 2010 కామన్వెల్త్ క్రీడలకు ముందు దాదాపు కొత్తగా తీర్చిదిద్దారు. తుగ్లకాబాద్ కోటకు సమీపంలో, ఆరావళి గుట్టల అంచున ఉండే ఆ రేంజ్‌కు 25 మీటర్ల స్టాండర్డ్ పిస్టల్ పోటీ కోసం డిసెంబరు చివర హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లాను. ఖాళీ చేసిన పిస్టల్ తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే సంచిలో, లైసెన్సు పత్రాలు చేతికందే చోట పెట్టుకుని చేయవలసిన ప్రయాణం అది. నాగ్‌పూర్ దాటాక దుప్పటి, ఝాన్సీ దాటాక స్వెట్టరు తీయవలసి వచ్చింది.

ఈ పోటీలో మొత్తం 60 తూటాలు కాల్చాలి. అయిదేసి తూటాల సిరీస్‌కు మొదట 150 సెకన్లు, తర్వాత 20 సెకన్లు, చివరి దశలో 10 సెకన్లే వ్యవధి ఉంటుంది. ఆ పది సెకన్లలో పిస్టల్ ఒక్కసారి జామ్ అయితే ఏడాది సాధన వృథా కావచ్చు. అందుకే గురి ఎంత ముఖ్యమో, పిస్టల్ నమ్మకంగా పనిచేయడం కూడా అంతే ముఖ్యమని నేను గట్టిగా భావిస్తాను.

గచ్చిబౌలి రేంజ్‌లో ఏ ఇబ్బందీ పెట్టని పిస్టల్ ఇక్కడ ఉదయపు సాధనలోనే మొరాయించింది. కాల్చిన తూటా కేసు (ఖాళీ లోహపు తొడుగు) పూర్తిగా బయటపడక స్లైడ్‌కూ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే భాగం) బ్యారెల్‌కూ (గొట్టం) నడుమ నిలువుగా ఇరుక్కుంటోంది. కొన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలడం లేదు. పేలనప్పుడు పిస్టల్‌ను టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఎందుకంటే తూటాలోని మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంటుంది. శబ్దం బలహీనంగా వస్తే అసలు మరో తూటా కాల్చకూడదు. బ్యారెల్‌లో చిక్కుకున్న బులెట్ (తూటా ముందుండే సీసపు గుండు) వెనక ఇంకొకటి వెళితే బ్యారెల్ ఉబ్బిపోతుంది. పక్క లేన్‌లో శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత సుబేదారు గారు ఇదంతా గమనించి, "బాబూ, అన్నీ ఒకేసారి మార్చేయకు. ముందు కిందపడిన కేసులు ఏరుకురా" అన్నారు.

కేసులే చాలా చెప్పాయి. ఈ పిస్టళ్లలో వాడే .22 తూటాకు పేలుడు రసాయనం కేసు అడుగున అంచు చుట్టూ ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కితేనే తూటా పేలుతుంది. పేలని తూటాలలో కొన్నింటి మీద నొక్కు లోతుగా, స్పష్టంగా ఉంది: అది తూటాలోని లోపం. మిగిలినవాటి మీద నొక్కు పైపైన మాత్రమే పడింది: అంటే పిన్ దెబ్బ చాలలేదు, లేదా స్లైడ్ పూర్తిగా మూసుకోలేదు. విప్పి చూస్తే స్లైడ్ పట్టాల మీద నేను ఎప్పుడూ వేసే నూనె చలికి జిగురుగా మారింది; ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచున సీసం, బులెట్ల మీది మైనం కలిసి పేరుకున్నాయి. ఈ పిస్టల్‌లో స్లైడ్‌ను వెనక్కి నెట్టేది తూటా పీడనం ఒక్కటే, .22లో ఆ బలం సహజంగానే తక్కువ. చలిలో మందు పీడనం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి రవ్వంత ఘర్షణ పెరిగినా స్లైడ్ పూర్తి దూరం వెళ్లదు. పాత నూనె పూర్తిగా తుడిచి, పలుచటి నూనె పొరలా రాసి, ఛాంబర్‌ను బ్రష్‌తో శుభ్రం చేశాక సమస్య చాలావరకు తగ్గింది.

మిగిలిన జామ్‌లన్నీ ఒకే మ్యాగజైన్‌తో (తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే పెట్టె) వస్తున్నాయని తేలడానికి కారణం, నా మ్యాగజైన్‌లన్నింటికీ నంబర్లు వేసి ఉండటమే. ఈ చిన్న అలవాటు ప్రతి షూటర్‌కూ ఉండాలని నా అభిప్రాయం. తూటాలు నింపేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకు ముందువైపు ఉండాలి, లేకపోతే అంచులు ఒకదానికొకటి తట్టుకుంటాయి. అలా సరిగ్గా నింపినా ఆ మ్యాగజైన్ తూటాను తలవంచి అందిస్తోంది. స్ప్రింగ్ అలసిపోయిందని నిర్ధారించుకుని దాన్ని పక్కన పెట్టాను.

చేతి సంగతి కూడా సుబేదారు గారే చెప్పారు. ఒంటి చేత్తో కాల్చే ఈ క్రీడలో చలికి వేళ్లు కొయ్యబారి మణికట్టు సడలితే, స్లైడ్‌తో పాటు పిస్టల్ మొత్తం వెనక్కి కదిలి, కేసును విసరవలసిన శక్తి అక్కడే తరిగిపోతుంది. తర్వాతి సిరీస్‌ల మధ్య చేతిని కోటు జేబులో, తూటాల పెట్టెను లోపలి జేబులో వెచ్చగా ఉంచుకున్నాను. పట్టు గట్టిపడగానే కేసులు కుడివైపు ఒకే చోట పడసాగాయి.

పోటీ రోజున 20 సెకన్ల దశలో ఒక తూటా పేలలేదు. ఇక్కడ నిబంధన కఠినంగా ఉంటుంది: రేంజ్ ఆఫీసర్ పరిశీలించకముందే స్లైడ్‌ను గానీ సేఫ్టీని గానీ తాకితే అది మళ్లీ కాల్చడానికి అనుమతించే లోపంగా లెక్కకు రాదు. పిస్టల్‌ను టార్గెట్ వైపు ఉంచి, ఖాళీ చేయి ఎత్తి నిలబడ్డాను. ఆఫీసర్ వచ్చి తూటా తీయించి, లోతైన నొక్కు చూసి, ఆ సిరీస్ మళ్లీ కాల్చే అవకాశం ఇచ్చారు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జులైలో పిస్టల్ లోపం వల్ల మను భాకర్ కోల్పోయిన నిమిషాలు ఎంత విలువైనవో ఆ నిలబడిన కాసేపట్లో నాకు బాగా అర్థమైంది.

హైదరాబాద్ చేరాక ఆ మ్యాగజైన్‌కు కొత్త స్ప్రింగ్ వేయించి, అదే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో, అదే పలుచటి నూనెతో గచ్చిబౌలిలో పరీక్షించాను. స్లైడ్ ఎక్కడా ఆగలేదు. కానీ పేలని తూటాలు ఆ లాట్‌లో ఇంకా తగిలాయి కాబట్టి మిగిలిన పెట్టెలను సాధనకే కేటాయించాను.