పక్కింటి పెద్దావిడ తండ్రి నిర్బంధ కార్డు వెతికిన నా అనుభవం

మాంచెస్టర్‌లో మా పక్కింటి పెద్దావిడ తండ్రి వియన్నా నుంచి పారిపోయి వచ్చిన యూదుడు. 1940లో బ్రిటన్ ప్రభుత్వం ఆయన్ని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో ముళ్లకంచె వెనక పెట్టిందనీ, ఆర్మీలో చేరి బయటపడ్డాడనీ ఆవిడకు తెలుసు. చేతిలో కాగితం ముక్క మాత్రం లేదు. ‘నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, కాస్త చూసిపెట్టు’ అంది. ఇక్కడ మనవాళ్లెవరికీ ఈ బిరుదు తప్పదు.

1939లో యుద్ధం మొదలవగానే, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినా సరే, జర్మనీ, ఆస్ట్రియా వాళ్లంతా బ్రిటన్ లెక్కలో శత్రుదేశపు మనుషులే. ఎవరివల్ల ఎంత ప్రమాదమో విచారించే ట్రిబ్యునళ్లు వీళ్లను ఏ, బీ, సీ అని విడదీశాయి. ఎక్కువమందికి సీ వచ్చింది, అంటే స్వేచ్ఛగా తిరగొచ్చు. 1940 మేలో హిట్లర్ సేనలు హాలండ్ మీద పడగానే ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. సీ వాళ్లనీ వదల్లేదు. ఇటాలియన్లతో కలిపి సుమారు 27,000 మందిని లోపలేశారు.

బ్రిటన్ ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌ఓ 396 అనే వరుసలో వీళ్ల కార్డులుంటాయి. పెద్దావిడ ఇంటిపేరుతో ఎంత వెతికినా ఏమీ రాలేదు. ఆర్మీలో చేరిన శరణార్థులు చాలామంది పేర్లు మార్చుకున్నారని తర్వాత తెలిసింది. జర్మన్లకు పట్టుబడితే అసలు పేరే ప్రాణం తీస్తుంది మరి. దారి చూపింది ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే లండన్ గెజిట్. పౌరసత్వం ఇచ్చినప్పుడు అందులో పాత పేరు, కొత్త పేరు, వృత్తి, చిరునామా అన్నీ అచ్చువేసేవారు. వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ పాత పేరు పట్టుకుని, అక్షరక్రమంలో ఉన్న స్కాన్ పేజీలు తిప్పుకుంటూ పోతే కార్డు దొరికింది.

టైపు చేసిన చిన్న కార్డు. వృత్తి: టైలర్. 1939లో నిర్బంధం నుంచి మినహాయింపు. అయినా మరుసటి ఏడాది పట్టుకెళ్లారు. చివర్లో విడుదల, పయనీర్ కోర్ (ఆర్మీలో కూలిపనులు చేసే దళం).

నాన్న తనంతట తానే చేరాడని పెద్దావిడ నమ్మకం. 1940 జూలైలో ప్రభుత్వం 18 రకాలవాళ్లను వదులుతామని శ్వేతపత్రం ఇచ్చింది. 16 ఏళ్ల లోపువాళ్లు, 70 దాటినవాళ్లు, రోగులు, డాక్టర్లు, పంటపనిలో నిపుణులు, ఇలా. ఆరోగ్యంగా ఉన్న కుర్ర టైలర్‌కు అందులో తగినది పయనీర్ కోరే. దీన్ని ‘స్వచ్ఛందం’ అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మాటే మెల్లగా చెప్పాను. ఆవిడ నవ్వేసింది. ‘హిట్లర్‌తో పోట్లాడతానంటే నాన్నకి పార ఇచ్చారు, తుపాకీ కాదు’ అంది. నిజమే, మొదట్లో వాళ్లకు ఇచ్చింది రోడ్లు, షెడ్ల పనే.

ఇప్పుడు ఆర్మీ సర్వీసు రికార్డుకు మరణ పత్రం జతచేసి దరఖాస్తు పెట్టాం. మీరెవరైనా ఇలా వెతుకుతుంటే ఫారంలో రెండు పేర్లూ రాయండి.