ఇల్లాలి పనికి ఆమె బతికుండగానే లెక్క కట్టాలి

గృహిణి చేసే పనికి రూపాయల్లో విలువ కట్టవలసిన అవసరం మన దేశంలో అధికారికంగా ఎక్కడ ఎదురవుతుందని ఎవరైనా అడిగితే, నాకు ముందుగా గుర్తుకు వచ్చేది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్. లారీ గుద్ది ఒక ఇల్లాలు చనిపోతే ఆమె భర్తకూ పిల్లలకూ ఎంత పరిహారం ఇవ్వాలో తేల్చడానికి ఆమె ఆదాయమెంతో తెలియాలి. జీతం లేదు కనుక ఏదో ఒక ఊహా ఆదాయాన్ని నిర్ణయించాలి. ఆమె కాపురం చేసినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ వేయని లెక్కను, ఆమె పోయిన తరువాత న్యాయవాదులు కూర్చుని వేస్తారు.

నేను జీవనోపాధికి లెక్కలు రాసేదాన్ని కాబట్టి ఈ తీర్పులను కొంత శ్రద్ధగా చదివాను. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించిన గృహిణుల విషయంలో సుప్రీంకోర్టు 2001లో తీర్పు ఇస్తూ, నడివయసు ఇల్లాళ్ళ సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా, అంటే ఏడాదికి 36,000 రూపాయలుగా లెక్కించింది. మోటారు వాహనాల చట్టానికి అనుబంధంగా ఉండిన రెండవ షెడ్యూలు మరో దారి చూపింది: సంపాదన లేని జీవిత భాగస్వామి ఆదాయాన్ని, సంపాదించే భాగస్వామి ఆదాయంలో మూడో వంతుగా తీసుకోవచ్చునన్నది. ఈ పద్ధతిలో గుమాస్తా భార్య వండిన పప్పుకు ఒక ధర, మేనేజరు భార్య వండిన అదే పప్పుకు ఇంకొక ధర వస్తాయి. విలువ ఆమె పనిది కాదు, ఆమె భర్త హోదాది అవుతుంది. 2010లో ఇలాంటి మరో కేసులో జస్టిస్ ఎ.కె. గంగూలీ, 2001 జనగణన గృహిణులను యాచకులతో, ఖైదీలతో కలిపి పని చేయనివారి కోవలో చేర్చడాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. 2021 జనవరిలో వచ్చిన తీర్పులో మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక అభిప్రాయం రాశారు. 2011 జనగణనలో ఇంటిపనే తమ ప్రధాన వ్యాపకమని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్ల మంది ఉండగా, పురుషులు 58 లక్షలకు లోపేనని ఆయన అందులో గుర్తుచేశారు. 2024లో ఉత్తరాఖండ్‌కు చెందిన ఒక కేసులో, గృహిణి ఊహా ఆదాయం దినకూలీకి వచ్చే కనీస వేతనం కంటే తక్కువగా ఉండడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పి, పరిహారాన్ని 6 లక్షలకు పెంచింది.

ఈ తీర్పులన్నిటినీ నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే వీటిలో ప్రతి ఒక్కదానిలోనూ ఆ స్త్రీ అప్పటికే లేదు. ఆమెకు రావలసిన గుర్తింపు ఆమె చెవిన పడలేదు, ఆ డబ్బులో ఒక్క రూపాయి ఆమె చేతికి అందలేదు. ఇంటిపని విలువ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మా అక్క విశాఖపట్నంలోని గాజువాకలో ఉంటుంది. బావగారు ఉక్కు కర్మాగారంలో పని చేస్తారు. ప్లాంటు ఉద్యోగుల ఇళ్ళు ఎరిగినవారికి షిఫ్టుల సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఉదయపు ‘ఏ’ షిఫ్టు అయితే తెల్లవారక ముందే టిఫిను, కేరేజీ సిద్ధం కావాలి. మధ్యాహ్నపు ‘బీ’ షిఫ్టు అయితే రాత్రి పొద్దుపోయాక వేడన్నం ఉండాలి. రాత్రి ‘సీ’ షిఫ్టు అయితే పగలంతా ఆయన నిద్రకు భంగం కలగకుండా పిల్లల అల్లరిని, కుక్కరు కూతను, కాలింగ్ బెల్లును కూడా అదుపులో పెట్టాలి. వీటితోపాటు పిల్లల బడి వేళలు, కుళాయి వచ్చే వేళ, అత్తగారి మందుల వేళలు ఉండనే ఉన్నాయి. "మీ బావగారి షిఫ్టు వారం వారం మారుతుంది, దాంతోపాటు నాది మూడు షిఫ్టులూ అవుతుంది" అని అక్క ఒకసారి నాతో అన్నది. ఆమె ఫిర్యాదుగా అనలేదు, ఉన్న మాట చెప్పింది. బావగారి రాత్రి డ్యూటీకి హాజరు పట్టీ ఉంటుంది. ఆయన పగలు నిద్రపోగలిగేలా ఇంటిని నిశ్శబ్దంగా ఉంచిన ఎనిమిది గంటలకు ఏ పట్టీ లేదు, కాని ఆ నిద్ర లేకపోతే కొలిమి దగ్గర మనిషి నిలబడలేడు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ, మళ్ళీ 2024లోనూ సమయ వినియోగ సర్వే జరిపింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు మనిషి ఏమేమి చేశాడో అరగంటల చొప్పున నమోదు చేయడం ఆ సర్వే పద్ధతి. 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల, వృద్ధుల, రోగుల సంరక్షణకు స్త్రీలు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు ఇస్తున్నారు. రెండు సగటులూ ఒకే స్త్రీపై పడితే రోజుకు ఏడు గంటలు దాటుతుంది, అందులో ఆదివారం సెలవు లేదు. గంటకు కేవలం 60 రూపాయలు అనుకున్నా నెలకు 12,600 రూపాయలు తేలుతుంది. ఇందులోకి కూడా రానిది ఒకటుంది. కూర కలుపుతూ ఒక కన్ను పాకే బిడ్డ మీద వేసి ఉంచడం, జ్వరమొచ్చిన పిల్లవాడి ఒళ్ళు రాత్రి మధ్యమధ్య తాకి చూడడం వంటి కాపలా పనులు అరగంటల గళ్ళలో సరిగ్గా ఇమడవు. చిన్న పిల్లలున్న తల్లికి అసలు భారం ఈ కాపలాయే అని నా అభిప్రాయం.

జాతీయాదాయం లెక్కలు వేసే అంతర్జాతీయ పద్ధతిలో ఈ పనులకు గీసిన సరిహద్దు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఆ పద్ధతి ప్రకారం, సొంత వాడకానికే అయినా వస్తువును తయారు చేస్తే అది ఉత్పత్తి. సొంత ఇంటివారికి సేవ చేస్తే అది ఉత్పత్తి కాదు. కాబట్టి అరిలోవ కొండవాలులో ఒక ఆడమనిషి కింది కుళాయి నుంచి బిందెతో నీళ్ళు మోసుకు వెళ్తే ఆ మోత సూత్రప్రకారం లెక్కలోకి వస్తుంది, ఆ నీళ్ళతో అన్నం వండితే రాదు. వేసవిలో మామిడికాయలు కొట్టి ఆవకాయ పెడితే అది పండ్లను నిల్వచేయడం కింద ఉత్పత్తి అవుతుంది, ఆ ఆవకాయ కలిపి బిడ్డకు ముద్ద పెడితే కాదు. సొంత ఇంట్లో కాపురం ఉన్నవారు తమకు తామే అద్దె చెల్లించుకుంటున్నట్టు ఊహించి ఆ అద్దెను జాతీయాదాయంలో కలుపుతారు. ఆ ఇంటిని ఊడ్చి, తుడిచి, నివాసయోగ్యంగా ఉంచే శ్రమను కలపరు. గోడలకు ఊహా ఆదాయం కట్టగలిగినవారు మనిషి శ్రమకు కట్టలేకపోవడం సాంకేతికంగా అసాధ్యమైనందువల్ల కాదు. పరిశోధకులు ఆ పని చేస్తూనే ఉన్నారు. 2023లో భారతీయ స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం మన దేశ స్త్రీల వేతనం లేని పని విలువను సుమారు 22.7 లక్షల కోట్ల రూపాయలుగా, అంటే స్థూల దేశీయోత్పత్తిలో 7.5 శాతంగా అంచనా వేసింది.

ఇలాంటి అంచనాలకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఆ పని ఇంకొకరితో చేయిస్తే ఎంత అవుతుందో చూడడం మొదటిది. ఆ సమయంలో ఆమె బయట ఉద్యోగం చేస్తే ఎంత వచ్చేదో చూడడం రెండవది. రెండవ దారిలో డాక్టరు చదివిన తల్లి బిడ్డకు పోసిన స్నానం, పదో తరగతి చదివిన తల్లి పోసిన స్నానం కంటే ఎన్నో రెట్లు విలువైనదని తేలుతుంది, కనుక నాకది నచ్చదు. మొదటి దారి కొంత మెరుగు, కాని అందులో ఒక వల ఉంది. మా ఎం.వి.పి. కాలనీ అపార్టుమెంట్లలో అంట్లు తోమి, ఇల్లు తుడిచే స్త్రీలలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవారు. వారికి ఇంత తక్కువ ఎందుకు ఇస్తున్నారని అడిగితే, ఇది ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ఊరికే చేసుకునే పనే కదా అన్న సమాధానం వస్తుంది. తిరిగి ఇల్లాలి పనికి విలువ కట్టబోతే, పనిమనిషికి ఇచ్చేది అంతే కదా అంటారు. ఒకరి ఉచిత శ్రమ ఇంకొకరి కూలిని తగ్గిస్తుంది, ఆ తగ్గిన కూలి మొదటివారి విలువను తగ్గిస్తుంది. ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ వేతనం ప్రతి గుమ్మంలోనూ అమలైతే ఇద్దరి లెక్కా ఒకేసారి సరిపడుతుంది.

పిల్లల పెంపకం విషయంలో మన నగరంలో ఇంకొక తరం కూడా కనిపిస్తుంది. విశాఖలో అరవై దాటిన తల్లులు ఎందరో బెంగుళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్న పిల్లల ఇళ్ళకు పురుళ్ళు పోయడానికి, మనుమలను చూసుకోవడానికి వెళ్తుంటారు. విజిటర్ వీసాపై ఆరు నెలలు కోడలి తల్లి, ఆమె తిరిగి వచ్చాక ఆరు నెలలు కొడుకు తల్లి అన్నట్టు వంతులు నడిచే కుటుంబాలు నాకు తెలుసు. అక్కడ డే కేర్‌కు ఎంత కట్టవలసి వచ్చేదో ఆ కొడుకులకూ కోడళ్ళకూ డాలర్లలో ఖచ్చితంగా తెలుసు. ఆ మిగులుతో తీరిన ఇంటి అప్పు కూడా వారికి తెలుసు. ఆ తల్లి మోకాళ్ళ నొప్పులతో తిరిగి వచ్చి సీతమ్మధారలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె ఖాతాలో ఏముందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

మా అమ్మకు ఈ చర్చ నచ్చదు. "కన్నపిల్లలకు చేసుకున్నదానికి కూలి లెక్కలేమిటే" అంటుంది. అమ్మ మాటలో ఉన్న ప్రేమను నేను కాదనను. కాని నాన్నగారు కూడా మా మీద ప్రేమతోనే ఏళ్ళ తరబడి ఉద్యోగం చేశారు. ఆ ప్రేమ ఉన్నది కదా అని ఆయనకు జీతం ఆపలేదు, ప్రావిడెంట్ ఫండు జమచేయడం మానలేదు, గ్రాట్యుటీ వద్దనలేదు. ప్రేమతో చేసిన పని కనుక లెక్క కూడదన్న నియమం ఇంట్లో ఒక్కరికే వర్తిస్తున్నప్పుడు, దానిని ప్రేమకు సంబంధించిన నియమమని నేను అనుకోలేను.

భర్త భార్యకు నెల జీతం ఇవ్వాలని నేను అనడం లేదు. అది ఆమెను తన ఇంట్లోనే ఉద్యోగిని చేస్తుంది. కావలసింది జీతం కాదు, వాటా. గోవా వంటి కొద్ది చోట్ల మినహా మన దేశంలో పెళ్ళయినంత మాత్రాన దంపతుల ఆస్తి ఉమ్మడి కాదు. ఎవరి పేరున ఉంటే వారిదే. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇల్లు చూసుకుంటూ భర్త సంపాదనకు తోడ్పడిన భార్యకు ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో సమాన వాటా ఉంటుందని తీర్పు ఇచ్చింది. అది మంచి మలుపు, అయినా కోర్టుకు వెళ్ళి తెచ్చుకోవలసిన హక్కు అందరికీ అందేది కాదు. మన రాష్ట్రంలో పేదలకు ఇళ్ళ పట్టాలు మహిళల పేరున ఇచ్చారు. మధురవాడలో ఫ్లాటు కొనే మధ్యతరగతి కుటుంబాలలో మాత్రం రిజిస్ట్రేషను ఎక్కువగా ఇంకా ఒక్క పేరు మీదనే జరుగుతోంది. "నామినీగా ఆవిడ పేరే పెట్టానండీ" అని బ్యాంకు ఖాతాల గురించి నాతో చాలామంది తృప్తిగా చెబుతారు. నామినీ సాధారణంగా ఆ డబ్బును వారసుల తరఫున అందుకునే వ్యక్తి మాత్రమేనని, నామినేషను యాజమాన్యం కాదని వారికి ప్రతిసారీ చెప్పవలసి వస్తుంది.

నా వృత్తిలో ఎదురయ్యే ఒక నియమం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. భర్త భార్యకు డబ్బు ఇచ్చి, ఆమె దానిని బ్యాంకులో వేసుకుంటే, ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలిపి పన్ను వేయాలని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 64వ సెక్షన్ చెబుతూ వచ్చింది. తగిన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీ అన్నది అందుకు కారణం. పన్ను ఎగవేతను అరికట్టడానికే ఆ నియమం పెట్టారని నాకు తెలుసు. అయినా పాతికేళ్ళు వండి, కడిగి, కని, పెంచిన స్త్రీ చేతిలో పెట్టిన డబ్బును ప్రతిఫలం లేని బదిలీగా భావించే చట్టం, అదే స్త్రీ లారీ కింద పడితే ఆమె సేవలకు కనీస వేతనమైనా కట్టాలంటున్నది. ఈ రెండు వైఖరులలో రెండవది న్యాయమైతే మొదటిది మారాలి. ఇంటిపనిని తగిన ప్రతిఫలంగా గుర్తించి, ఏటా ఒక పరిమితి వరకు భార్య పేరున వేసే పొదుపును ఈ నియమం నుంచి మినహాయించడం శాసనకర్తలకు కష్టమైన పని కాదు.

అంతవరకు ఉన్న చట్టంలోనే చేయగలిగినవి ఉన్నాయి. భార్య పేరున పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు ఖాతా తెరిచి నెలనెలా కట్టవచ్చు. దాని వడ్డీకి పన్ను లేదు కాబట్టి కలిపినా నష్టం లేదు. కొత్తగా కొనే ఇంటి దస్తావేజులో ఇద్దరి పేర్లూ రాయించవచ్చు. బావగారు కూర్మన్నపాలెంలో ఫ్లాటు చూస్తున్నారు. దస్తావేజు ముసాయిదా నాకే పంపమని, అందులో కొనుగోలుదారుల పేర్ల దగ్గర అక్క పేరు సమాన వాటాతో లేకపోతే నేను తిప్పి పంపుతానని ఆయనకు చెప్పాను. ఆయన సరేనన్నారు.